రాత్రి వెలుతురులో క్యాండిడ్ ఫొటోలు: డిజిటల్‌తో ఎలా, ఫిల్మ్‌తో ఎలా

చీకటి పడ్డాక క్యాండిడ్ ఫొటోలకు (పోజు పెట్టించకుండా, మనుషులు తమ పనిలో ఉండగా తీసేవాటికి) డిజిటల్ మంచిదా, ఫిల్మ్ మంచిదా అని చాలామంది అడుగుతున్నారు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "కెమెరా బాగానే ఉంది, అయినా చార్మినార్ దగ్గర తీసినవన్నీ ఊగిపోయి వస్తున్నాయి, ఏం చేయాలి?" రెండింటికీ జవాబు ఇక్కడ వరుసగా చెప్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాలుగడుగులు వేస్తే వెలుతురు మారిపోయే చోటికి డిజిటల్ పట్టుకెళ్లండి. ఒకే దీపం కింద గంటసేపు కూర్చోగలిగే చోటికి ఫిల్మ్ పట్టుకెళ్లండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు డిజిటల్‌తో ఒక చోటు బాగా నేర్చుకుని, తర్వాత అదే చోటికి ఫిల్మ్‌తో వెళ్లాలి. రెండు కెమెరాలూ మెడలో వేసుకుని ఒకే రాత్రి బయల్దేరడం మాత్రం వద్దు. ధ్యాసంతా కెమెరాల మీదే ఉంటుంది, మనుషులు దాటిపోతారు.

1. ముందు వెలుతురును వెతకండి

క్యాండిడ్ అంటే మనిషి కనిపించగానే కెమెరా ఎత్తడం అనుకుంటారు. పగలు అది నడుస్తుంది, రాత్రి నడవదు. రాత్రి ముందు మంచి వెలుతురు పడే చోటు చూసుకోవాలి, అక్కడికి మనిషి వచ్చేదాకా ఆగాలి.

లాడ్ బజార్ సంగతే తీసుకోండి. గాజుల దుకాణాల్లో దీపాలన్నీ లోపల, అరల మీద ఉంటాయి. రోడ్డు మధ్యలో నిలబడి దుకాణం వైపు తీస్తే కొనేవాళ్ల వీపులూ నల్లటి తలలూ వస్తాయి, వెనక గాజులు రంగు లేకుండా తెల్లగా వెలిసిపోతాయి. అదే దుకాణం అంచున, గోడకు ఆనుకుని నిలబడి, దుకాణాల వరుస పొడవునా పక్కకు చూడండి. కొనేవాళ్ల ముఖాలకు దుకాణం వెలుతురు నేరుగా తగులుతుంది. వెనక బజారు చీకట్లోకి పోతుంది. అదే దుకాణం, అవే బల్బులు. మీరు నిలబడ్డ చోటు మాత్రమే మారింది.

వెలుతురు ఎటునుంచి వస్తోందో కంటికి అందకపోతే మీ అరచేతిని ముఖం ఎత్తున పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. చేతి గీతలు ఎటు తిప్పినప్పుడు స్పష్టంగా కనిపిస్తాయో అటువైపు తిరిగిన ముఖాలే మీకు కావాలి.

మొదలుపెట్టడానికి హైదరాబాద్‌లో కొన్ని చోట్లు:

- ఇరానీ హోటల్ లోపల: వెలుతురు కదలదు, మనుషులు కూర్చుని ఉంటారు. ఫిల్మ్‌కు ఇంతకన్నా మంచి బడి లేదు.
- మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు: ఇదీ స్థిరమైన వెలుతురే. ఫిల్మ్ సరిపోతుంది.
- గుడిమల్కాపూర్ పూల మార్కెట్, తెల్లవారుజామున: పూల రాశుల మీద వేలాడే బల్బులు. ఎవరి పనిలో వాళ్లుంటారు. ఏ కెమెరా అయినా పర్వాలేదు.
- లాడ్ బజార్, రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టుపక్కల: అడుగడుగునా వెలుతురు మారుతుంది. డిజిటల్.
- నాంపల్లి నుమాయిష్, జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా: జెయింట్ వీల్ రంగు లైట్లు క్షణానికోసారి మారతాయి. డిజిటలే.

ఐఎస్ఓ (సెన్సర్ లేదా ఫిల్మ్ వెలుతురుకు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) 1600, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఎఫ్/2 పెట్టుకుంటే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో భాగం) సుమారుగా ఎక్కడ మొదలవ్వాలంటే: వెలిగిపోతున్న దుకాణం ముందు 1/250, ఇరానీ హోటల్ లోపల ట్యూబులైటు కింద 1/100, వీధి దీపం కింద ఫుట్‌పాత్ మీద 1/30 నుంచి 1/60. దుకాణాన్ని బట్టి, దీపాన్ని బట్టి ఇవి ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు లేదా సగం) అటూ ఇటూ అవుతాయి. 1/30 దగ్గర కదిలే మనిషి ఊగిపోతాడు. కాబట్టి ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నవాళ్లను, కూర్చున్నవాళ్లను మాత్రమే ఎంచుకోండి, లేదా ఐఎస్ఓ 6400కు పెంచండి.

2. డిజిటల్‌లో వెలుగును కాపాడండి, ఫిల్మ్‌లో నీడను కాపాడండి

ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

డిజిటల్ సెన్సర్ మీద వెలుతురు హద్దు దాటితే అక్కడ తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ అది వెనక్కి రాదు. నీడల్లో ఉన్నదాన్ని మాత్రం రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైల్) చాలావరకు పైకి తేవచ్చు.

నెగటివ్ ఫిల్మ్ దీనికి పూర్తిగా ఉల్టా. వెలుతురు రెండు స్టాపులు ఎక్కువైనా తట్టుకుంటుంది. వెలుతురు చాలకపోతే నీడలో ఫిల్మ్ మీద ఏమీ పడదు, స్కాన్‌లో బురద రంగు మాత్రమే వస్తుంది.

ఇంకో చిక్కు మీటర్‌ది, అంటే కెమెరాలో వెలుతురు కొలిచే భాగానిది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం చీకటే ఉంటే మీటర్ దాన్ని బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. రాత్రి పగల్లా కనిపిస్తుంది, ముఖాలు తెల్లబడతాయి. అందుకే:

- డిజిటల్‌లో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7 నుంచి మైనస్ 1.3 మధ్య పెట్టుకుని మొదలుపెట్టండి.
- ఫిల్మ్‌లో ఫ్రేమ్ మొత్తాన్ని మీటర్‌కు చూపించవద్దు. మనుషులు ఉండే వెలుతురులోనే మీ అరచేయి పెట్టి, కెమెరాను దగ్గరికి తెచ్చి దాని మీద మీటర్ చూడండి. అరచేయి బూడిద రంగు కన్నా దాదాపు ఒక స్టాప్ తెల్లగా ఉంటుంది కాబట్టి, మీటర్ చెప్పినదానికన్నా ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు ఇవ్వండి. ఆ సెట్టింగ్‌ను ఇక కదిలించకండి.

3. డిజిటల్ కెమెరాను ఇంట్లోనే సిద్ధం చేసుకోండి

బజార్లో నిలబడి మెనూలు వెతికితే చేతిలో ఉన్న క్షణం పోతుంది. ఇవన్నీ ఇంట్లోనే చేసేయండి.

- రా ఫార్మాట్ ఆన్.
- మాన్యువల్ మోడ్, దాంతో పాటు ఆటో ఐఎస్ఓ. అపర్చర్, షట్టర్ మీ చేతిలో ఉంటాయి, మారే వెలుతురు సంగతి కెమెరా చూసుకుంటుంది.
- ఆటో ఐఎస్ఓ గరిష్ఠ హద్దు: ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 12800, ఏపీఎస్-సీ (దానికన్నా చిన్న సెన్సర్) కెమెరాలో 6400.
- షట్టర్ 1/100 లేదా 1/125. నడిచేవాళ్లకు 1/250.
- ఫ్లాష్, ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం, బీప్ శబ్దం: మూడూ ఆఫ్.
- ఫొటో తీయగానే తెర మీద కనిపించే రివ్యూ కూడా ఆఫ్. చీకట్లో మీ ముఖం మీద తెర వెలుగు పడితే చుట్టూ ఉన్న అందరూ మీవైపే చూస్తారు.
- తెర వెలుగు బాగా తగ్గించండి. వెలుగు ఎక్కువుంటే చీకటి ఫొటో కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. హిస్టోగ్రామ్‌నే (వెలుగు, నీడ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) నమ్మండి.

ఇక్కడ షట్టర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఫొటోల్లో పడే అడ్డ చారల గురించి వచ్చే ప్రశ్నలన్నీ దీని దగ్గరే తేలతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1/100 లేదా 1/50 పెడితే ప్రతి ఫొటోలోనూ ఆ వెలుగు పూర్తి చుట్టు పడుతుంది, అప్పుడు తేడా రాదు. అంతకన్నా వేగంగా వెళ్లేకొద్దీ ఒక ఫొటో వెలుగ్గా, ఇంకొకటి డల్‌గా వస్తుంది.

శబ్దం లేదు కదా అని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే, ఈ దీపాల కిందే ఫొటో నిండా చారలు పడతాయి. సెన్సర్ పైనుంచి కిందికి వరుసగా చదివేలోపు వెలుగు మారిపోతుంది. కాబట్టి లోపలి ప్రదేశాల్లో మెకానికల్ షట్టర్ వాడండి. ఇరానీ హోటల్లో కప్పులూ సాసర్ల చప్పుడులో ఆ చిన్న క్లిక్ ఎవరికీ వినపడదు.

కెమెరాలో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఉంటే మీ చేతి వణుకును మాత్రమే ఆపుతుంది. ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. 'స్టెబిలైజేషన్ ఉంది కదా' అని 1/15తో మనుషులను తీయకండి.

4. ఫిల్మ్ కెమెరా: కొనేముందు, రోల్ వేసేముందు

తీసే ఒక్క ఫొటోకు ఎంత పడుతుందో ముందు లెక్క వేసుకోండి: రోల్ ధర, కడిగించే (డెవలప్ చేయించే) ఖర్చు, స్కాన్ ఖర్చు, లాబ్ వేరే ఊళ్లో ఉంటే కొరియర్. అన్నీ కలిపి 36తో (రోల్‌లో వచ్చే ఫొటోల సంఖ్య) భాగించండి. ఆ అంకె మీకు సమ్మతమైతేనే ముందుకు వెళ్లండి.

పాత కెమెరా చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ వరుసలో చూడండి:

1. వెనక మూత తెరిచి అంచుల్లో ఉన్న నల్ల స్పాంజిని వేలితో తాకండి. జిగురుగా అంటుకున్నా, పొడిగా రాలినా వెలుతురు లోపలికి చొరబడుతుంది. మార్పించుకోవడం పెద్ద పనేమీ కాదు, ధర తగ్గించమని అడగండి.
2. లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. అది వద్దు. రాత్రి దీపాల ముందు ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది.
3. షట్టర్‌ను 1 సెకను, 1/30, 1/60, 1/125 దగ్గర వరుసగా నొక్కి వినండి. ఒక్కోదానికీ శబ్దంలో తేడా తెలియాలి.
4. మీటర్ ఏ బ్యాటరీతో పనిచేస్తుందో అడగండి. క్యానొనెట్ లాంటి పాత కెమెరాలు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి తయారైనవి. అవి ఇప్పుడు రావు. 1.5 వోల్టులది వేస్తే మీటర్ తప్పు చెప్పే అవకాశం ఉంది, ఫోన్‌లో లైట్ మీటర్ యాప్‌తో సరిపోల్చుకోండి.
5. లెన్స్ ఎఫ్/2 లేదా ఇంకా వేగమైనది (ఎఫ్ అంకె ఇంకా తక్కువది) కావాలి. ఎస్ఎల్ఆర్‌తో (లోపలి అద్దం ద్వారా లెన్స్‌లోంచే చూసే కెమెరా) వచ్చే 50 మి.మీ. ఎఫ్/1.8 చాలు.

చిన్న ఆటోమేటిక్ కాంపాక్ట్ కెమెరాలు ఈ పనికి ఎంచుకోకండి. వాటిలో చాలావరకు రోల్ మీది కోడ్ చదివి ఐఎస్ఓ తామే పెట్టుకుంటాయి, మార్చనివ్వవు. పైగా చీకటి కనపడగానే ఫ్లాష్ కొడతాయి.

ఏ రోల్? మొదటిసారి అయితే ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లేదా కొడాక్ ట్రై-ఎక్స్. రెండూ 400 స్పీడ్ (ఐఎస్ఓ) ఉన్నవే, కానీ 1600గా తీసి, కడిగేటప్పుడు రెండు స్టాపులు పుష్ చేయించుకోవచ్చు, అంటే ఎక్కువసేపు కడిగించుకోవచ్చు. నీడలు కొంత పోతాయి, కాంట్రాస్ట్ పెరుగుతుంది. ట్యూబులైటు, బల్బు, ఎల్ఈడీ కలిసిపోయిన చోట రంగుల గొడవ ఉండదు కాబట్టి నలుపు తెలుపే నా ఎంపిక.

డెల్టా 3200, టీ-మ్యాక్స్ పీ3200 రోల్స్ పేర్లు చూసి మోసపోవద్దు. వాటి అసలు స్పీడ్ 1000కి అటూ ఇటూ ఉంటుంది. 1600 దగ్గర వాడితే నీడలు బాగుంటాయి.

రంగులే కావాలంటే పోర్ట్రా 800, లేదా బల్బు వెలుతురుకు తగ్గట్టు చేసిన సినీస్టిల్ 800టీ. రెండోదానిలో దీపాల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. కొందరికి అదే ఇష్టం. ముఖాల పక్కన అది నాకు నచ్చదు.

రోల్ వేశాక తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. ఎడమవైపు రీవైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా, బిగుతు తగిలేదాకా తిప్పండి. ఇప్పుడు కుడిచేత్తో అడ్వాన్స్ లీవర్ (ఫిల్మ్‌ను ముందుకు జరిపేది) లాగండి. పిడి తనంతట తానే తిరిగిందా? ఫిల్మ్ కదులుతోంది. తిరగలేదా? ఫిల్మ్ అంచు పళ్లలో పట్టలేదు. మూత తెరిచి మళ్లీ వేయండి. లేకపోతే 36 నొక్కుళ్లూ వృథా.

రోల్ మీద, దాని డబ్బీ మీద మార్కర్‌తో "1600, ప్లస్ 2" అని అప్పుడే రాసేయండి. లాబ్‌కు ఇచ్చే రోజు గుర్తుండదు.

ఎండాకాలంలో రోల్స్‌ను కారు డ్యాష్‌బోర్డులో వదలకండి. ఫ్రిజ్‌లో పెట్టండి, వాడే ముందు రెండు మూడు గంటలు బయట పెట్టి, చల్లదనం పూర్తిగా పోయాకే డబ్బీ తెరవండి. శంషాబాద్ నుంచి విమానంలో వెళ్తుంటే రోల్స్ చేతి సంచిలో విడిగా పెట్టుకుని, ఎక్స్‌రే యంత్రంలో వేయకుండా చేత్తో చూడమని అడగండి. చెక్-ఇన్ లగేజీలో మాత్రం ఎప్పుడూ వేయకండి.

5. ఫోకస్‌ను ముందే పెట్టుకోండి

చీకట్లో ఆటోఫోకస్ వెతుక్కుంటూ ముందుకూ వెనక్కూ పోతుంది. ఆ లోపు నవ్వు ఆగిపోతుంది. దూరాన్ని ముందే నిర్ణయించుకోవడమే దీనికి మందు. ఇది రెండు కెమెరాలకూ పనికొస్తుంది.

35 మి.మీ. లెన్స్‌ను ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/2 దగ్గర, 2 మీటర్లకు ఫోకస్ చేస్తే దాదాపు 1.8 నుంచి 2.2 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/2.8కి వెళ్తే 1.75 నుంచి 2.3, ఎఫ్/4కి వెళ్తే 1.7 నుంచి 2.5. ఫిల్మ్‌లోనూ ఇవే లెక్కలు. 50 మి.మీ.లో ఈ పట్టు ఇంకా సన్నబడుతుంది, ఈ పద్ధతికి అది కష్టం.

సాధన ఇంట్లోనే చేయొచ్చు. టేపుతో నేల మీద 2 మీటర్లు గుర్తు పెట్టండి. కెమెరా లేకుండా గోడకు అంత దూరంలో నిలబడటం అలవాటు చేసుకోండి, తర్వాత టేపుతో సరిచూసుకోండి. కొన్ని రోజుల్లో కాళ్లకే తెలిసిపోతుంది. ఇరానీ హోటల్లో మీరు కుర్చీకి ఆనుకుని కూర్చుంటే పక్క టేబుల్ మనిషి చాలాసార్లు ఈ దూరంలోనే ఉంటాడు.

డిజిటల్‌లో కళ్లను గుర్తుపట్టే ఆటోఫోకస్ బాగా పనిచేసే కెమెరా అయితే అదే వాడండి, తప్పేం లేదు. కానీ జనం కిక్కిరిసిన చోట అది వేరే ముఖం మీదికి దూకుతుంది. అక్కడ మాన్యువల్‌కు మారండి.

6. అక్కడికి వెళ్లాక పని వరుస

1. మొదటి పది నిమిషాలు కెమెరా సంచిలోనే ఉంచండి. చాయ్ చెప్పండి, కూర్చోండి.
2. ఏ టేబుల్ మీద వెలుతురు బాగుందో, వెనక ఏం కనిపిస్తోందో చూడండి. వెనక ట్యూబులైటు నేరుగా ఫ్రేమ్‌లోకి వస్తే మీ కుర్చీ మార్చండి.
3. అరచేతి మీద మీటర్ చూసి సెట్టింగ్ పెట్టేయండి. ఫిల్మ్‌లో 1600 దగ్గర ఎఫ్/2, 1/60తో మొదలుపెట్టవచ్చు. పాత కెమెరాల్లో ఎక్కువగా 1/100 ఉండదు, 1/60 నీడలకూ మంచిదే.
4. ఫోకస్ 2 మీటర్లకు పెట్టండి.
5. కెమెరాను తీసి టేబుల్ మీద అందరికీ కనిపించేలా పెట్టండి. దాచి తీసే ఫొటోల కన్నా అందరికీ అలవాటైపోయిన కెమెరాతో తీసే ఫొటోలు ఎప్పుడూ బాగుంటాయి.
6. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి, లేదా టేబుల్ మీద పెట్టండి. ఊపిరి వదులుతూ నొక్కండి.
7. మాట మధ్యలో కాకుండా, మాట అయిపోయి ఎదుటివాళ్లు వినే క్షణంలో నొక్కండి. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదేటప్పుడు, సిప్ కోసం తల వంచిన ఆ అర క్షణం మనిషి దాదాపు కదలడు. 1/60కి అదే సరైన అదను.
8. డిజిటల్ అయితే రెండు మూడు తీయండి. కనురెప్ప మూసుకోవడం, చిన్న ఊపు లేని ఫొటో వాటిలో ఒక్కటైనా దొరుకుతుంది. ఫిల్మ్ అయితే ఒక్కటే, ఆ ఒక్కదానికి ఆగండి.

7. మనుషుల దగ్గర

క్యాండిడ్ అంటే అడగకుండా తీయడం అనే హక్కు కాదు. తీశాక కళ్లు కలిస్తే నవ్వి, కెమెరా దించి, "అన్నా, ఫొటో తీశా, పర్లేదా?" అనండి. పాతబస్తీలో "భాయ్" అంటే చాలు, మాట కలుస్తుంది. వద్దంటే డిజిటల్‌లో వాళ్ల ఎదుటే డిలీట్ చేయండి. ఫిల్మ్‌లో డిలీట్ చేయలేరు కాబట్టి ముందే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఆ ఫొటో ఎక్కడా పెట్టనని చెప్పి ఆ మాట మీద నిలబడండి.

- పిల్లలను తీసేముందు పెద్దవాళ్లను అడగండి.
- బతుకమ్మ, బోనాల దగ్గర ఆడవాళ్ల ముఖాలు దగ్గరగా తీయాలంటే ముందు మాట కలపండి.
- నమాజు, దర్గా, ఆసుపత్రి, పోలీసు తనిఖీ: కెమెరా దించేయండి.
- హోటల్లో కౌంటర్ దగ్గర ఒక మాట చెప్పండి. కొన్ని కప్పుల చాయ్ తాగిన మనిషికి సాధారణంగా కాదనరు.
- చార్మినార్ పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. అనుమతి లేకుండా అక్కడ ట్రైపాడ్ వేయకూడదు. క్యాండిడ్‌కు అది అక్కర్లేదు కూడా.

8. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

ఫొటో అంతా ఊగింది: చేయి వణికింది. షట్టర్ పెంచండి, దేనికైనా ఆనుకోండి.

గోడ స్పష్టంగా ఉంది, మనిషి ఊగాడు: మనిషి కదిలాడు. 1/125కి పెంచండి, ఐఎస్ఓ పెరిగినా పర్వాలేదు. నాయిస్ (ఐఎస్ఓ పెరిగితే కనిపించే రవ్వలు) ఉన్న ఫొటోను చూడగలం, ఊగిన ముఖాన్ని ఏమీ చేయలేం.

నాయిస్ భయంతో ఐఎస్ఓ 800 దగ్గరే ఆగి, చీకటిగా తీసి ఇంటికొచ్చి పెంచడం: దీనివల్ల లాభం లేదు. పెంచినప్పుడు ఆ నాయిస్ అంతా బయటికి వస్తుంది, కొన్ని కెమెరాల్లో ఇంకా ఎక్కువగా.

ముఖాలు పచ్చగా, ఆకుపచ్చగా ఉన్నాయి: రెండు మూడు రకాల దీపాలు కలిశాయి. ముఖం మీద పడే దీపానికి వైట్ బ్యాలెన్స్ (దీపం రంగుకు తగ్గట్టు రంగులు సరిచేసే సెట్టింగ్) సరిచేయండి, వెనకది ఎలా ఉన్నా వదిలేయండి. అప్పటికీ కుదరకపోతే నలుపు తెలుపు చేయండి.

నెగటివ్ పల్చగా, దాదాపు గాజులా ఉంది: వెలుతురు చాలలేదు. ఈసారి 1600 బదులు 800గా తీసి ఒక స్టాప్ పుష్ చేయించండి.

సగం రోల్ 400గా, సగం 1600గా తీశారు: రోల్ మొత్తానికీ కడిగే సమయం ఒకటే. ముఖ్యమైన ఫొటోలు ఏ సగంలో ఉన్నాయో దాన్ని బట్టి చెప్పండి.

9. రోల్ కడగడం

నలుపు తెలుపు ఇంట్లో కడుక్కోవచ్చు. సమయం డెవలపర్‌ను (ఫిల్మ్ మీద ఫొటోను పైకి తెచ్చే రసాయనం) బట్టి మారుతుంది కాబట్టి, మీ ఫిల్మ్‌కు, 1600కు ఇచ్చిన చార్ట్‌లోది తీసుకోండి. ఆ సమయాలు ఎక్కువగా 20 డిగ్రీలకు రాసినవి. మన దగ్గర అసలు చిక్కంతా అక్కడే. మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఒక్కో డిగ్రీ పెరిగితే సమయం దాదాపు పదో వంతు తగ్గించాలి, మరీ తక్కువ సమయమైతే ఫిల్మ్ మచ్చలుగా కడుగుతుంది.

- ప్లాస్టిక్ టబ్‌లో నీళ్లు, ఐస్ వేసి, రసాయనాల సీసాలను అందులో నిలబెట్టండి. ఐస్ ముక్కలను డెవలపర్‌లో వేయకండి, పల్చబడుతుంది.
- డెవలపర్ 20 డిగ్రీలకు రాగానే మొదలుపెట్టండి. వేసవిలో 24 డిగ్రీల సమయం చార్ట్‌లో ఉంటే అదే తేలిక.
- ఫిక్సర్ (ఫొటోను నిలిపే రసాయనం), చివరి కడుగుడు నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. చల్లటి డెవలపర్ నుంచి వేడి కుళాయి నీళ్లలోకి పోతే ఫిల్మ్ మీద పొర ముడతలు పడుతుంది.
- ఆఖరుసారి ముంచడానికి ఆర్ఓ నీళ్లు వాడండి. బోరు నీళ్లయితే ఆరాక తెల్ల మచ్చలు పడతాయి.
- ఆరేసేది బాత్రూంలో, ఫ్యాన్ లేకుండా. గాలికి దుమ్ము అంటుకుంటుంది.

రంగుల రోల్‌కు డెవలపర్ 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే లాబ్‌కు పంపండి, పంపేటప్పుడు పుష్ సంగతి కవరు మీద కూడా రాయండి.

వానాకాలంలో నెగటివ్‌లను, లెన్స్‌లను మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాల రంగు మారగానే మార్చేయండి.